చాదస్తమా, డిమెన్షియానా: ఇంట్లో గమనించే తీరు

విశాఖ ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో బోర్డు మీది ధర చూసి, చిల్లరతో సహా లెక్క సరిచూసుకునే నాన్నగారు, ఈమధ్య అరకిలో వంకాయలకు ఐదు వందల నోటిచ్చి మిగతా డబ్బు తీసుకోకుండానే వచ్చేస్తున్నారంటే, దాన్ని వయసు మీదికి తోసి ఊరుకోవడం పొరపాటు. కొత్తిమీర తేవడం మరిచిపోయి ఇంటికొచ్చాక నాలుక కరచుకోవడం అందరికీ ఉన్నదే. ఏళ్ళ తరబడి చేతికి అలవాటైన పనిలో తడబాటు మొదలవడం వేరు; అది డిమెన్షియాకు, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే స్థితికి, సూచన కావచ్చు. అందుకే పెద్దవారిని పక్కింటివారితో కాక, రెండేళ్ళ కిందట వారే ఎలా ఉండేవారో దానితో పోల్చి చూడాలి.

ఈ తేడా చాలా ఇళ్ళలో వంటగదిలోనే బయటపడుతుంది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడితే పరధ్యానం అనుకోవచ్చు. పోపులో ఆవాలు చిటపటలాడి మాడిపోతున్నా, తర్వాత ఏం వేయాలో తోచక అమ్మగారు గరిటె పట్టుకుని నిలబడిపోవడం, అది మళ్ళీ మళ్ళీ జరగడం మాత్రం పట్టించుకోవలసిన విషయం. జవాబు చెప్పిన ప్రశ్ననే పది నిమిషాలకోసారి అడగడం, రోజూ బీచ్ రోడ్డులో నడిచి వచ్చేవారు కాళీమాత గుడి దగ్గర ఇంటిదారి తెలియక ఆగిపోవడం, తామే దాచిన గొలుసును పనిమనిషి తీసిందని నిందించడం ఇలాంటివే. జ్ఞాపకశక్తి బాగానే ఉన్నా, నెమ్మదస్తులైనవారు నలుగురిలో దురుసుగా ప్రవర్తించడం కొన్ని రకాల డిమెన్షియాలో తొలి లక్షణం. దీన్ని చాదస్తమని కొట్టిపారేయడం వల్లే విలువైన కాలం పోతుందని నా అభిప్రాయం.

కలిసి ఉండేవారికి రోజువారీ మార్పు కంటికి ఆనదు, కనుక సంక్రాంతికి వచ్చిన కూతురు చెప్పిన మాటను తేలికగా తీసుకోకండి. జరిగినదాన్ని గోడ క్యాలెండరులో ఆ తారీఖు గడిలోనే రాసి పెట్టండి. “ఇవాళ ఏ వారం?” అంటూ నలుగురి ముందు పరీక్షలు పెట్టకండి.

ఆ క్యాలెండరును, నిద్రమాత్రలతో సహా వారు వాడే మందులన్నిటినీ పట్టుకుని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరాలజీ విభాగానికి గానీ, మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరు వద్దకు గానీ వెళ్ళండి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ సమస్య, డిప్రెషన్, వినికిడి తగ్గడం, కొన్ని మందుల ప్రభావం కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి, వీటిలో చాలావాటిని నయం చేయవచ్చు. పరీక్షలు కాకముందే అల్జీమర్స్ (డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే జబ్బు) అని ఇంట్లో తీర్మానించుకోవద్దు.

డిమెన్షియా సాధారణంగా నెలలు, సంవత్సరాల మీద ముదురుతుంది. నిన్నటిదాకా బాగున్నవారు గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తికమకపడి మనుషులను గుర్తుపట్టలేకపోతే, అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, పక్షవాతం వంటిది కావచ్చు కాబట్టి, అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.