మిగిలిన గుడ్లు మళ్లీ కోళ్లకే

కోళ్లు జోరుగా గుడ్లు పెట్టే రోజుల్లో ఇంట్లో తిన్నా, నలుగురికీ పంచినా ఇంకా మిగులుతుంటాయి. వాటిని ఫ్రీజర్‌లో దాచండి. ఈకలు రాల్చే కాలంలో కోళ్లకే పనికొస్తాయి. ఈకలో దాదాపు 85 శాతం ప్రొటీనే కాబట్టి, కొత్తవి మొలిచేటప్పుడు అది బాగా కావాలి.

పెంకుతో పెట్టేయకండి. లోపల సొన గడ్డకట్టి ఉబ్బి, పెంకు పగిలిపోతుంది. (నేనూ ఒకసారి ఆ పని చేశాను, ఫ్రీజర్ కడగడానికి అరపూట పట్టింది.) గుడ్లు పగలగొట్టి, రెండు సొనలూ కలిసేలా గిలకొట్టి ఐస్ ట్రేలో పోయండి. గట్టిపడ్డాక ముక్కల్ని కవర్లోకి మార్చి, పైన తేదీ రాసుకోండి. ఏడాదిలోపు వాడేయాలి.

కావాల్సినన్ని ముక్కలు ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కరగనిచ్చి, ఉప్పూ నూనే లేకుండా పొరటులా వండి, చల్లార్చి వేయండి. పచ్చిసొన మాత్రం వద్దు. దాని రుచి మరిగితే గూట్లో గుడ్డునే పొడుచుకు తింటాయి, ఆ అలవాటు మాన్పించడం మహా తలనొప్పి. కోడికి ఒకటి రెండు చెంచాలు చాలు, అసలు తిండి దాణాయే. పెంకులు కూడా కడిగి, బాగా ఎండబెట్టి, గుడ్డు ఆనవాలు తెలియనంతగా నలిపి విడిగా గిన్నెలో పెట్టండి. కాల్షియం కావాల్సిన కోడి అదే తింటుంది.