వృద్ధాప్య జీవశాస్త్రంపై వేసవి సైన్స్ దినం: నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎలా జరపాలి

జిల్లాలోని ఒక పరిశోధన కేంద్రం గానీ, కళాశాల జంతుశాస్త్ర విభాగం గానీ వృద్ధాప్యంపై సైన్స్ దినం జరపాలనుకుంటే మొదట తోచేది ఒక పెద్ద తెర, నాలుగు ఉపన్యాసాలు, చివర భోజనం. అలా జరిపితే పెద్దవాళ్లు వెనక కుర్చీల్లో కునుకు తీస్తారు, పిల్లలు వంటల వాసన వస్తున్న వైపే చూస్తుంటారు. దానికి బదులు రోజంతటికీ ఒకే ప్రశ్న పెట్టుకోవడం మంచిది: ఈ మనిషిలో కనిపిస్తున్న మార్పు వయసు వల్ల వచ్చిందా, మరో కారణం వల్ల వచ్చిందా? ఫ్లోరైడు నీళ్లు తాగి నడివయసులోనే నడుము వంగినవాళ్లను చూసిన నల్లగొండ ప్రాంతానికి ఈ ప్రశ్నను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

తేదీ విషయంలో మొండితనం పనికిరాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నది ఊరికే కాదు కనుక మే నెలను పూర్తిగా వదిలి, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశించాక ఒక ఆదివారాన్ని ఎంచుకోవాలి. అప్పుడు కూడా ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి, పదకొండు లోపు పరీక్షలు ముగించి, వెంటనే భోజనాల బంతి వేయాలి. వయసు పెరిగేకొద్దీ శరీరానికి దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టే శక్తీ తగ్గుతుంది. అందుచేత నీళ్లు కావాలా అని అడిగి ఊరుకోకుండా, అరగంటకోసారి ఉప్పు వేసిన పలుచటి మజ్జిగను చేతికి అందించే పని ఇద్దరు విద్యార్థులకు అప్పగించాలి. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల నీళ్లు, ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవారిని మాత్రం వచ్చినప్పుడే అడిగి గుర్తుపెట్టుకోవాలి.

ఆహ్వానం ఇంటింటికీ వెళ్లాలి, మూడు తరాలకూ కలిపి వెళ్లాలి. తాత, కొడుకు, మనవరాలు ఒకే పరీక్షను ఒకరి తర్వాత ఒకరు చేసినప్పుడు తెలిసే విషయం ఏ ఉపన్యాసంలోనూ తెలియదు. ఇక్కడ ముందుగా ఎదురయ్యే చిక్కు వయసే. ఆధార్ కార్డులో జనవరి 1 అని పడిన పుట్టిన తేదీలను నమ్మి లెక్క వేస్తే చార్టంతా తప్పవుతుంది. అలాంటప్పుడు సంఘటనలతో అడగాలి: 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటికి పుట్టారా, చంకలో ఉన్నారా, నడుస్తున్నారా? 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగినప్పుడు గొడ్లు కాస్తున్నారా, బడికి పోతున్నారా? 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెళ్లయిందా? రెండు మూడు సంఘటనలు కలిస్తే వయసు రెండు మూడేళ్ల తేడాలోకి వస్తుంది. ఈ బల్ల దగ్గర తొందరపడని మనిషిని కూర్చోబెట్టాలి, ఎందుకంటే జవాబులు చాలాసార్లు కథలుగానే వస్తాయి, వాటిని మధ్యలో ఆపడం మర్యాద కాదు.

పరీక్షలు మూడు చాలు. మొదటిది చత్వారం పరీక్ష. దగ్గరి చూపు అద్దాలు తీసి, దూరపు అద్దాలు ఉంటే ఉంచి, తెల్ల కార్డు మీద పక్కపక్కనే పెట్టిన రెండు సన్నని చుక్కలను కంటికి మెల్లగా దగ్గర చేస్తూ, అవి అలుక్కుపోయిన చోట ఆపి, కంటి నుంచి కార్డుకు ఉన్న దూరాన్ని టేపుతో కొలవాలి. అక్షరాలు పెడితే చదువు రానివారు సిగ్గుపడి పక్కకు తప్పుకుంటారు కనుక చుక్కలే మేలు. శుక్లాల ఆపరేషన్ అయినవారి కంట్లో ఉన్నది కృత్రిమ కటకం కాబట్టి వారి కొలతను వేరుగా గుర్తించాలి.

రెండవది స్కేలు పట్టే పరీక్ష. ఒకరు స్కేలును నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదిలితే, సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచినవారు దాన్ని పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే ప్రతిస్పందనకు పట్టిన కాలం సుమారు 0.2 సెకను, 30 దగ్గరైతే 0.25 సెకను. పెద్దవాళ్ల చేతుల్లోంచి చిన్న స్కేలు జారిపోతుంది గనుక మీటరు బద్దను సిద్ధంగా ఉంచాలి. మూడవది, గోడకు ఆనించిన చేతుల్లేని కుర్చీలోంచి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కించడం. పక్కన పట్టుకోవడానికి ఒకరు లేకుండా దీన్ని చేయించకూడదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఈ మధ్యే మోకాలి ఆపరేషన్ ఉన్నవారికి అసలు వద్దు. మండల ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సును ముందే అడిగి ఉంచుకోవాలి.

ఫలితాలను గోడ మీద మూడు పెద్ద చార్టుల్లో చూపాలి. అడ్డంగా వయసు, నిలువుగా కొలత, ఒక్కొక్కరికి ఒక్కొక్క బొట్టుబిళ్ల. పేర్లు ఎక్కడా రాయకూడదు. ఆ అంకెలను ముందుముందు పరిశోధనకు వాడాలనే ఉద్దేశం ఉంటే సంస్థ నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతిని, ప్రతి ఒక్కరి సమ్మతిని ముందే తీసుకోవాలి. చార్టులు నిండేకొద్దీ అసలు పాఠం బయటపడుతుంది. చత్వారం చార్టులో బిళ్లలు దాదాపు ఒకే వరుసగా, నలభై దాటాక పైకి లేస్తూ సాగుతాయి, ఎందుకంటే కంటి కటకం గట్టిపడటం ఎవరినీ వదలదు. కుర్చీ చార్టులో మాత్రం అరవై దాటినవారి బిళ్లలు పైనుంచి కిందిదాకా చెదిరిపోతాయి. నిన్నటిదాకా నాట్లు వేసిన అవ్వ, నలభై ఏళ్లు కుర్చీలో కూర్చుని పదవీ విరమణ చేసిన కొడుకు కంటే ఎక్కువసార్లు లేవవచ్చు. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చినవారిలో కొందరు అసలు లేవలేకపోవచ్చు. అది ముసలితనం కాదని, ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడు వల్ల కీళ్లు, వెన్ను బిగుసుకుపోయాయని ఆ చోటనే చెప్పాలి. దంతాల మీద గోధుమరంగు మచ్చలు చిన్నతనంలో పళ్లు ఏర్పడేటప్పుడే పడతాయి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణాన్ని అక్కడే రాసిపెట్టి, పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే ఉందని పిల్లలకు చెప్పాలి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దాన్ని రూపొందించింది.

ప్రయోగశాల బల్ల మీద కల్లు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టండి. (ఒక్క చుక్క చాలు, కుండ గేటు బయటే ఉండనివ్వండి.) అందులోని ఈస్టు కణాలు మొగ్గ తొడుగుతూ కనిపిస్తాయి. ఒక తల్లి కణం సుమారు పాతిక సార్లు మొగ్గ తొడిగాక ఆగిపోతుందని, ఒంటికణ జీవికీ ముసలితనం ఉందని ఇక్కడే చూపించవచ్చు. మన కణాల విభజనకూ పరిమితి ఉన్నట్టు శాస్త్రవేత్త లెనార్డ్ హేఫ్లిక్ 1961లో చూపారు. కణంలో జన్యువులను మోసే క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్లు గద్వాల చీర కొంగు కుచ్చుముడుల్లా పోగులు విడిపోకుండా కాపాడుతాయి, విభజన జరిగిన ప్రతిసారీ కొంత పొట్టివవుతాయి. ఈ టెలోమియర్ల పరిశోధనకే 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, జోస్టాక్‌లకు నోబెల్ వచ్చింది.

ఉపన్యాసం ఒక్కటి, ఇరవై నిమిషాలు. మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువు మార్పుతో ఆయుష్షు రెట్టింపైనట్టు 1993లో సింథియా కెన్యన్ బృందం చూపిన కథను చెప్పించండి, ఆ పురుగు మామూలుగా బతికేది రెండు మూడు వారాలేనని కూడా చెప్పించండి. తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువకాలం బతికాయన్న 1935 నాటి ప్రయోగం ముఖ్యమైనదే గానీ, భోజనానికి ముందు దాని ప్రస్తావన తేవద్దు.

ఈ కార్యక్రమం సంగతి తెలిస్తే యవ్వనాన్ని నిలిపే పొడులు, మాత్రలు అమ్మేవారు దుకాణం పెట్టుకుంటామని వస్తారు. షామియానా ఖర్చు భరిస్తామన్నా ఒప్పుకోకూడదు.

మహబూబ్‌నగర్‌లో జరిపేవారికి పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి 2017 చివర కొమ్మలు విరిగి సందర్శకులను ఆపేసినప్పుడు, వయసైపోయిందని చాలామంది అనుకున్నారు. కారణం చెదలు. సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించాక చెట్టు కోలుకుంది. అటవీ శాఖను ముందుగా అడిగి, సాయంత్రం పిల్లలను అక్కడికి తీసుకెళితే ఉదయపు ప్రశ్ననే చెట్టు దగ్గర మళ్లీ అడగవచ్చు.

భోజనంలో మృగశిర ఆనవాయితీ ప్రకారం చేపలు ఉండాల్సిందే, అయితే ముళ్లు తక్కువగా ఉండే కొర్రమీను వండించండి. జొన్నరొట్టెను పళ్లు లేనివారికి పప్పులో నానబెట్టి వడ్డించాలి, లేదా మెత్తటి జొన్న గట్క, పచ్చిపులుసు పెట్టాలి. వయసుతో కండ తగ్గుతుంది కనుక పప్పు, గుడ్లు ధారాళంగా ఉండాలి. షుగరున్నవారికి బత్తాయి రసానికి బదులు తొనలు ఇవ్వాలి. పన్నెండు కాకముందే పెద్దవాళ్లను ఆటోల్లో ఇంటికి పంపించి, చార్టులను మర్నాడు గ్రామ పంచాయతీ గోడకు తగిలించండి, కొలత కాగితాన్ని మాత్రం ఎవరిది వారికే ఇవ్వండి.