అమెరికా కాలేజీ దరఖాస్తులో వ్యక్తిగత వ్యాసం: కొత్తగా వచ్చిన కుటుంబాలకు సూచనలు

పిల్లలు హైస్కూల్లో ఉండగా అమెరికాకు వచ్చిన కుటుంబాలకు ఇక్కడి కాలేజీ ప్రవేశాల్లో అన్నిటికన్నా కొత్తగా తోచేది వ్యక్తిగత వ్యాసం. ప్రవేశ పరీక్షలో ర్యాంకును బట్టి సీటు వచ్చే పద్ధతికి అలవాటుపడినందువల్ల, మనవాళ్లు చాలామంది దీన్ని కూడా మార్కుల, బహుమతుల చిట్టాగా రాయించాలని చూస్తారు. కానీ మార్కులు ట్రాన్‌స్క్రిప్టులో (బడి ఇచ్చే మార్కుల పత్రంలో) ఉంటాయి, క్లబ్బులూ పతకాలూ యాక్టివిటీస్ విభాగంలో చేరతాయి, ఉపాధ్యాయుల అభిప్రాయం సిఫారసు లేఖల్లో వస్తుంది. ఈ విద్యార్థి దేన్ని గమనిస్తాడు, ఎలా ఆలోచిస్తాడు అన్నది వ్యాసంలో తప్ప మరెక్కడా కనిపించదు.

కొత్తగా వచ్చిన పిల్లలకు ముందుగా తట్టే విషయం దేశం మారడమే. అందులో తప్పేమీ లేదు. అయితే కొత్త ఊరు, కొత్త బడి, ఒంటరితనం, చివరికి విజయం అన్న వరుసలో రాసిన వ్యాసాన్ని పేరు మార్చి ఎవరి దరఖాస్తులోనైనా పెట్టవచ్చు. అదే అనుభవంలోంచి ఒక్క చిన్న సంఘటనను తీసుకుంటే ఏమవుతుందో చూడండి. ఇక్కడి బడిలో చేరిన చెల్లెలు 5 అడుగుల 8 అంగుళాలకు 3 అడుగుల 7 అంగుళాలు కలిపి, 9 అడుగుల 5 అంగుళాలు అని రాసిందనుకుందాం. "చెల్లెలికి లెక్కలు నేర్పడం వల్ల నాకు ఓర్పు అలవడింది" అని అన్నయ్య రాస్తే చదివేవారికి ఏమీ కనిపించదు. దిద్దడానికి ముందు ఎలా చేశావని అడిగాననీ, సెంటీమీటర్లకు అలవాటుపడిన ఆ పిల్ల 12కు బదులు 10 దగ్గర ఒకటి పైకి వేసిందని అప్పుడు తెలిసిందనీ, ఆనాటి నుంచి తప్పు జవాబు కనిపిస్తే ముందు దాని వెనుక ఉన్న లెక్క ఏమిటని వెతుకుతున్నాననీ రాస్తే, ఆ కుర్రవాడి బుద్ధి ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. ఓర్పు అన్న మాట వాడవలసిన అవసరమే రాదు.

ఒకే ఆన్‌లైన్ దరఖాస్తును అనేక కాలేజీలకు పంపుకునే వీలున్న కామన్ యాప్‌లో ఈ వ్యాసం 250 నుంచి 650 పదాల మధ్య ఉండాలి. ఇచ్చిన 7 ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. సాధారణంగా ఒకే వ్యాసం అన్ని కాలేజీలకూ వెళ్తుంది కాబట్టి అందులో ఏ కాలేజీ పేరూ రాయకూడదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పద్ధతి వేరు: 8 ప్రశ్నల్లో 4 ఎంచుకుని ఒక్కొక్కదానికి 350 పదాలకు మించకుండా జవాబివ్వాలి. అక్కడ కథలా మొదలుపెట్టడం కన్నా అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం మేలు. కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు దరఖాస్తుల గడువు చాలాచోట్ల నవంబరు 1 కనుక వేసవి సెలవుల్లోనే చిత్తుప్రతి పూర్తి చేసుకోవడం మంచిది.

ఏడాది మధ్యలో బడి మారడం వల్ల గ్రేడ్లు తగ్గినా, కావలసిన కోర్సు దొరకకపోయినా ఆ సంజాయిషీతో వ్యాసాన్ని నింపవద్దు. దానికి దరఖాస్తులో అదనపు సమాచారం అనే విభాగం ఉంది. నాలుగైదు వాక్యాల్లో అక్కడ రాసి, కోర్సుల విషయంలో, కాలేజీ దరఖాస్తుల విషయంలో విద్యార్థులకు సలహా ఇచ్చే స్కూల్ కౌన్సెలర్‌కు కూడా చెప్పండి. కౌన్సెలర్ తన లేఖలో ఆ పరిస్థితిని వివరించవచ్చు. ప్రభుత్వ బడుల్లో ఈ సహాయానికి రుసుము ఉండదు. ఇది తెలియక మనవాళ్లు కన్సల్టెంట్లకు పెద్ద మొత్తాలు చెల్లించడం నిజంగా బాధ కలిగించే విషయం.

తల్లిదండ్రులు వాక్యాలు అందించకుండా, పిల్లలు మరిచిపోయిన సంఘటనలను గుర్తుచేస్తే అదే గొప్ప సాయం. ఏఐ రాసిపెట్టిన వ్యాసాన్ని సొంత రచనగా పంపడాన్ని కామన్ యాప్ మోసంగా పరిగణిస్తుంది. ఇంగ్లీషులో రాయడానికి జంకే విద్యార్థి ముందు ఆ సంఘటనను ఇంట్లో తెలుగులోనే చెప్పి, తరువాత తనకు వచ్చిన సాదా ఇంగ్లీషులో రాసుకుని, వ్యాకరణం మట్టుకు ఇంగ్లీషు టీచరు చేత చూపించుకోవాలి. చివరగా పైకి చదువుకుంటూ, తాను మామూలుగా మాట్లాడేటప్పుడు వాడని బరువైన పదం ఎక్కడ ఎదురైతే అక్కడ దాన్ని తీసేయాలి.