వెర్మీర్ వంటింట్లో పాలాభిషేకం: పాత కళాఖండాన్ని సినిమా సందడితో కలిపి బొమ్మ వేయడం ఎలా?

కొత్త సినిమా రిలీజ్ రోజు థియేటర్ ముందు కటౌట్ మీద పాలు పోసే కుర్రాణ్ణి ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? కింద డప్పులు, టపాసులు, ఈలలు. వాడి చూపు మాత్రం బిందె అంచు మీదే ఉంటుంది. ధార తెగకూడదు, హీరో తల మీదే పడాలి. సరిగ్గా అలాంటి చూపే నాకు ఇంకోచోట కనిపించింది. డచ్ చిత్రకారుడు యొహానెస్ వెర్మీర్ 1660 ప్రాంతంలో వేసిన ‘మిల్క్‌మెయిడ్’లో ఒక పనిమనిషి కూజాలోంచి గిన్నెలోకి పాలు వంచుతుంటుంది. ఆ గదిలో కదిలేది ఆ పాలధార ఒక్కటే.

ఈ రెంటినీ ఒకే కాన్వాస్ మీదకి తెద్దాం. ఆక్రిలిక్ రంగులతో కొంచెం అలవాటుంటే చాలు.

ముందు, రెండూ కలిసే చోటు పట్టుకోండి

అసలు కష్టమంతా ఇక్కడే. మోనాలిసాకి కూలింగ్ గ్లాసెస్ పెడితే ఒకసారి నవ్వొస్తుంది, రెండోసారి చూడబుద్ధి కాదు. ఎందుకంటే ఆ కళ్లద్దాలకూ ఆ బొమ్మకూ ఏ చుట్టరికమూ లేదు. పాత బొమ్మలోనూ, మనకు తెలిసిన సినిమా, ఆట, ప్రకటనల ప్రపంచంలోనూ ఉమ్మడిగా ఉన్న ఒక పని, ఒక భంగిమ, ఒక ఆశ దొరకాలి.

అమెరికన్ చిత్రకారుడు కెహిందే వైలీ 2005లో వేసిన నెపోలియన్ బొమ్మ చూడండి. ఆల్ప్స్ పర్వతాలు దాటుతున్న నెపోలియన్‌ని జాక్ లూయీ దవీద్ గుర్రం మీద వీరుడిలా చిత్రించాడు. వైలీ ఆ గుర్రాన్నీ, పైకి చూపించే ఆ చేతినీ, గాలికి ఎగిరే ఆ వస్త్రాన్నీ అలాగే ఉంచి, జీను మీద మిలిటరీ రంగుల ప్యాంటు, బూట్లు వేసుకున్న నల్లజాతి యువకుణ్ణి కూర్చోబెట్టాడు. వెనక కొండలకు బదులు ఎరుపు, బంగారు రంగుల పూల డిజైన్. దవీద్ బొమ్మలో కింద రాతి మీద బొనపార్టే (అంటే నెపోలియనే), పూర్వం అదే ఆల్ప్స్ దాటిన సేనాని హానిబల్ పేర్లు చెక్కి ఉంటాయి. వైలీ వాటితో పాటు విలియమ్స్ అనే మామూలు ఇంటిపేరు కూడా చెక్కాడు. నాకు మొత్తం బొమ్మలో అన్నిటికంటే నచ్చేది ఆ రాయే. వీరుడిగా గుర్రమెక్కే అర్హత ఎవరికుంది అని అడగడానికి ఆ ఒక్క పేరు చాలింది.

మన బొమ్మలో ఉమ్మడిగా ఉన్నది పాలు, ఆ పాలు పోసే శ్రద్ధ. వెర్మీర్‌నీ వెక్కిరించం, అభిమానినీ వెక్కిరించం. ఇది మనసులో గట్టిగా పెట్టుకోండి, ఎందుకంటే వెక్కిరింపు ఉంటే బ్రష్‌లో తెలిసిపోతుంది.

బ్రష్ ముట్టకుండా అరగంట చూడండి

వెర్మీర్ అసలు బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. మ్యూజియం వెబ్‌సైట్ నుంచి పెద్ద సైజు ఫొటో ఉచితంగా దించుకోవచ్చు. దాన్ని జూమ్ చేసి, కనిపించినవన్నీ కాగితం మీద రాయండి. కిటికీలో పగిలిన ఒక అద్దం. గోడకు మేకులు, మేకులు పీకేసిన చిల్లులు. పైకి మడిచిన రవికె చేతులు. కింద కాళ్లు కాచుకునే చిన్న చెక్కపెట్టె, దాని వెనక గోడ అంచున నీలి బొమ్మల టైల్స్, వాటిలో ఒకదాని మీద మన్మథుడు.

ఇంకో సంగతి. 2022లో మ్యూజియం పరిశోధకులు ఈ బొమ్మను స్కాన్ చేస్తే, ఆమె తల వెనక కూజాలు తగిలించే చట్రం, కింద ఒక నిప్పుల బుట్ట బయటపడ్డాయి. వెర్మీర్ ముందు వాటిని వేసి, తర్వాత రంగుతో కప్పేశాడు. ఆ ఖాళీ గోడ అలా వచ్చింది. నా మొదటి ప్రయత్నంలో రంగు కాగితాలు, పాప్‌కార్న్, బ్యానర్లు అన్నీ పెట్టాను. పాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇది చదివాక గోడంతా తుడిచేశాను.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

గది, ఎడమ కిటికీ వెలుతురు, ఖాళీ గోడ, వంగిన తల, పాలధార ఉంచండి. వీటి వల్లే చూసేవాళ్లు అసలు బొమ్మను గుర్తుపడతారు. పనిమనిషి స్థానంలో చొక్కా చేతులు మడిచిన అభిమాని వస్తాడు. గిన్నెలో జానెడు కటౌట్ నిలబడుతుంది. బల్ల మీద రొట్టెల బదులు బంతిపూల దండ, కొట్టిన కొబ్బరికాయ, రెండు టికెట్లు. టైల్ మీద మన్మథుడి బదులు ఈల వేస్తున్న పిల్లాడు. అంతే, ఇంకేం వద్దు.

కటౌట్ మీద నిజమైన హీరో ముఖం వేయకండి, మీరే ఒక ముఖం ఊహించండి. వెర్మీర్ బొమ్మను ఎవరైనా వాడుకోవచ్చు కానీ సినిమా స్టిల్స్‌కి హక్కుదారులుంటారు. రేపు బొమ్మ అమ్మాలనుకుంటే టెన్షన్ ఉండదు.

గళ్లు కొట్టి గీయడం

అసలు బొమ్మ చిన్నదే, 45.5 సెంటీమీటర్ల ఎత్తు, 41 వెడల్పు. 18 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు కాన్వాస్ తీసుకుంటే దాదాపు అంతే. ఏ4 కాగితం మీద 9 అంగుళాల ఎత్తు, 8 వెడల్పుతో ప్రింట్ తీసి అంగుళం గళ్లు కొట్టండి. కాన్వాస్ మీద రెండంగుళాల గళ్లు. రెండు చోట్లా 72 గళ్లే వస్తాయి. గడి తర్వాత గడి పెన్సిల్‌తో లేతగా దించండి.

ఇద్దరు చిత్రకారులు వేసినట్టు రంగులు

కాన్వాస్ మీద ముందు పల్చటి గోధుమ రంగు పూత వేసి ఆరనివ్వండి. గోడకు నేరుగా తెలుపు వాడొద్దు. తెలుపులో కాస్త పసుపు మట్టిరంగు, చిటికెడు నలుపు కలపండి. కిటికీ కింద నీడ, కుడివైపుకి వెళ్లేకొద్దీ వెలుతురు. వెర్మీర్ ఆమెకు వేసిన పసుపు రవికె, నీలి ఏప్రన్ రంగులనే అభిమాని చొక్కాకీ లుంగీకీ వాడండి. బట్టలు మారినా రంగులు గుర్తుంటాయి.

కటౌట్‌కి మాత్రం పద్ధతి మార్చాలి. గదంతా మెత్తగా, అంచులు కలిసిపోయేలా వేస్తే, కటౌట్‌ని పాతరోజుల్లో చేత్తో గీసిన సినిమా హోర్డింగుల్లా మొరటుగా వేయండి. చెంప మీద గులాబీ, దవడ కింద నీలం, ఏ పూతా పక్కదానిలో కలవకుండా. అది అట్టముక్క అని తెలియాలి, దానికి నీడ గిన్నె అంచు మీద పడాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది ఆ నీడకే.

ధార ఆఖరున

అంతా ఆరాక పొడవాటి కుచ్చు ఉన్న సన్న బ్రష్ తీసుకోండి. తెలుపులో కొంచెం నీళ్లు కలిపి, పక్కన కాగితం మీద పదిసార్లు గీసి చూడండి. తర్వాత కూజా మూతి నుంచి కటౌట్ జుట్టు దాకా ఒకే ఊపులో, ఆపకుండా దించండి. వంకర పోతే వెంటనే తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీయొచ్చు, ఆరాక మాత్రం కష్టం. తల మీద పడ్డచోట రెండు చుక్కలు చిందనివ్వండి, ఒకటి హీరో కళ్లద్దాల మీద.