గండికోట బండమీద గుడారం నిలబెట్టడం ఎలా?

సంక్రాంతి సెలవుల్లో గండికోటకు వెళ్లిన ప్రతిసారీ ఒకటే దృశ్యం. చీకటి పడుతుంటుంది. ఓ తండ్రి ఇనుప మేకును రాయితో బాదుతుంటాడు, తల్లి ఫోను లైటు పట్టుకుని నిలబడి ఉంటుంది, పిల్లలు ఆకలంటుంటారు. మేకు వంగుతుంది గాని దిగదు. దిగదు కూడా! పెన్నా నది కోసుకుపోయిన ఈ కొండను అందరూ గ్రానైట్ అంటారు గాని, ఇది క్వార్ట్‌జైట్. ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి. దీనిలోకి మేకు దింపాలనుకోవడమే మొదటి తప్పు.

ముందు తేలిక పనులు చెప్పేస్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా వెళ్లండి. తర్వాత వెళితే పగలు కాగిన బండ రాత్రి కూడా సెగలు కక్కుతుంది. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడు గంటలకల్లా పైన ఉండాలి. రెండు పొరల గుడారం, చాపలు, దుప్పట్లు, తలకు కట్టుకునే లైటు, మనిషికి అయిదు లీటర్ల నీళ్లు, విడిగా ఇరవై మీటర్ల నైలాన్ తాడు, పాత తువ్వాలు ఒకటి. కొత్త గుడారాన్ని ఇంటి మిద్దెమీద ఒకసారి వేసి చూసుకునే బయలుదేరండి.

స్టవ్ తేవద్దు. జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, పెరుగన్నం మూట కట్టుకుంటే రాత్రికి చాలు. నూడిల్స్ కోసం గ్యాస్ బండ మోసుకొచ్చి, గాలికి మంట నిలవక, చివరికి గుడారం లోపల వెలిగించేవారిని చూశాను. పిల్లలు పడుకునే చోట నిప్పా?

చోటు విషయంలో నా లెక్క ఒకటే. లోయ అంచుకూ గుడారానికీ మధ్య వంద అడుగులు. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచిన పిల్లవాడు ఎటు నడుస్తాడో ఎవరికి తెలుసు? మాధవరాయ ఆలయం, జామియా మసీదు ఉన్న వైపు గుడారం ఊసే ఎత్తకండి. ఎక్కడ వేయనిస్తారో స్థానికులను అడగండి.

ఇక అసలు పని. తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. చేత్తో తువ్వాలు పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడితే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. కొన్నేళ్ల కిందట మా బావమరిది, "తలుపు లోయవైపు పెడదాం బావా, పొద్దున్నే ఫొటో బాగా వస్తుంది" అన్నాడు. కాదనలేకపోయాను. రాత్రి ఒంటిగంటకు గాలి లోపలికి దూరి గుడారం బూరెలా ఉబ్బింది, పిల్లలు పడుకున్న మూల పైకి లేచింది. తెల్లవార్లూ ఇద్దరం చెరో మూల మీద కూర్చున్నాం. ఫొటో మాత్రం తీయలేదు.

కడ్డీలు ఎక్కించక ముందే నీళ్ల డబ్బాలను లోపల నాలుగు మూలలా పెట్టండి. తర్వాత రాళ్లు. పెద్ద రాయికే తాడు చుట్టి ముడివేస్తారు చాలామంది. గుడారం ఊగే కొద్దీ తాడు పైకి జారుతుంది, లేదా రాతి అంచుకు ఒరుసుకుని తెగుతుంది. అలా కాదు. టెంకాయంత రాయికి తాడు గట్టిగా కట్టి గుడారానికి దూరంగా నేలమీద పెట్టండి. దానికి ముందు, అంటే గుడారం వైపు, తాడు మీదుగా ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు బండను దించండి. తాడు దాని కిందనుంచి పోవాలి. గాలి లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్ద బండకు తట్టుకుని ఆగిపోతుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. బండ కింద తాడుకు తువ్వాలు ముక్క చుట్టడం మరవద్దు.

గాలి వచ్చే వైపు ముందు కట్టి, వెంటనే దాని ఎదురు వైపు కట్టండి. గుడారం ఎంత ఎత్తుంటే కనీసం అంత దూరంలో రాయి ఉండాలి. దగ్గరగా పెడితే తాడు నిలువుగా లాగి బండనే కదిలిస్తుంది. గాలి లేని వైపు వదిలేద్దామనుకోకండి, రాత్రికి అది తిరగవచ్చు.

రాళ్లు ఏరడం పెద్దల పని. కింద తేళ్లు ఉంటాయి. ముందు కర్రతో కదిలించి, రాయి అవతలి అంచు లేచేలా మీ వైపుకు వంచండి. లోపల ఉన్నది అటే పోతుంది. కోట గోడల రాళ్లు పీకేవారికి ఏం చెప్పాలో నాకు తెలియదు. బండలు పలకలు పలకలుగా విరిగి కింద అన్ని పడి ఉంటే గోడ జోలికి ఎందుకు?

పడుకునే ముందు తాళ్లు మళ్లీ బిగించండి. మంచుకు తడిస్తే నైలాన్ సాగుతుంది.

పొద్దున్నే సూర్యోదయం చూడండి, చిన్నపిల్లల చేయి వదలకండి. విప్పేటప్పుడు కడ్డీలు తీసి గుడారాన్ని నేలకు పరిచాకే రాళ్లు తొలగించాలి. ముందే తొలగించిన ఓ కుటుంబం గుడారం మా కళ్లముందే గాలిపటంలా లేచి లోయలోకి వెళ్లిపోయింది.