లర్చర్‌తో కుందేళ్ల వేటకు వెళ్లే ముందు జాగ్రత్తలు

ఇది ఇంగ్లండ్ సంగతి. మన దగ్గర చెవులపిల్లిని వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ప్రయత్నించొద్దు. లర్చర్ అంటే గ్రేహౌండ్ లాంటి పరుగు జాతిని కోలీతోనో టెర్రియర్‌తోనో కలిపి తీసిన వేటకుక్క.

– పొలం వాళ్ల అనుమతి తప్పనిసరి, కాగితం మీద ఉంటే మేలు. 2004 వేట చట్టం అనుమతి ఉంటే కుందేలును పట్టనిస్తుంది; హేర్ (కుందేలును పోలిన వేరే జాతి, మన చెవులపిల్లి లాంటిది) వెంట కుక్కను వదిలితే మాత్రం కేసే.

– పగటిపూటే పొలమంతా ఒకసారి నడవండి. గ్రేహౌండ్ రక్తమున్న కుక్క గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోగలదు, చర్మమేమో బాగా పలుచన. ముళ్లకంచె తగిలితే చీలిపోతుంది. కుందేళ్లు ఎన్ని ఉన్నాయన్నదానికంటే కంచె ఎక్కడుందన్నదే నాకు ముఖ్యం.

– కడుపునిండా తిని పరుగెత్తనివ్వొద్దు. కడుపు మెలిపడితే ప్రాణం మీదికొస్తుంది.

– ఏడాది నిండని పిల్ల వద్దు, ఎముకలు ముదరవు.

– కోలీ సంకరమైతే నులిపురుగుల మందుకు ముందే డాక్టరుకు ఆ మాట చెప్పండి. చాలా కోలీలలో ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మందు ఎక్కువ మోతాదు పడని జన్యులోపం ఉంటుంది. పిల్లలు తీయాలనుకుంటే తల్లిదండ్రులిద్దరికీ ఆ పరీక్ష చేయించాలి. జత కట్టించాక టెన్షన్ పడి లాభం లేదు.

– నీళ్లు, కట్టుగుడ్డ, కుక్కకు కోటు. చలికి మనకంటే ముందు వణికేది అదే.