పాఠం మధ్యలో లేవనని ముందే చెప్పండి

పిల్లలకు పాఠం చెప్పే ముందు ఫోను పక్క గదిలో పెట్టి రండి. కూర్చోగానే "ఇది నీకు అర్థమయ్యేదాకా నేను ఎక్కడికీ వెళ్లను" అని పైకే చెప్పండి.

యూదుల ధర్మగ్రంథం తాల్మూద్‌లో, ఎరువీన్ అనే భాగంలో ఒక కథ చదివాక నాకీ అలవాటు వచ్చింది. యూదు మతగురువు రబ్బీ ప్రేదా దగ్గర ఒక శిష్యుడు ఉండేవాడు. ఏ పాఠమైనా 400 సార్లు చెబితే గానీ అతనికి వచ్చేది కాదు. ఆయన అన్నిసార్లూ చెప్పేవాడు. ఒకరోజు ఏదో ధర్మకార్యానికి రమ్మని గురువుకు పిలుపు వచ్చింది. ఆ రోజు 400 సార్లు చెప్పినా పాఠం ఎక్కలేదు. ఈ రోజు ఏమైందని అడిగితే శిష్యుడు ఇలా అన్నాడు: "మీకు పిలుపు వచ్చినప్పటి నుంచి నా మనసు పాఠం మీద లేదు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు లేస్తారు అనుకుంటూనే ఉన్నాను." ప్రేదా విసుక్కోలేదు. మనసు పెట్టు, చెబుతానని మళ్లీ 400 సార్లు చెప్పాడు.

గురువు ఓర్పు గొప్పదే. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ శిష్యుడి జవాబు. మనం ఓరకంట గడియారం చూసినా పిల్లలకు తెలిసిపోతుంది, పెన్సిలు ఆగిపోతుంది. నిజంగానే వెళ్లాల్సిన పని ఉంటే "ఆరున్నర దాకా నీ దగ్గరే ఉంటాను" అని ముందే చెప్పండి, అప్పటిదాకా కదలకండి. అదే ప్రశ్న మళ్లీ అడిగితే మొదటిసారి చెప్పినంత నిదానంగానే చెప్పండి.